గీత కిటికీ వైపు

సూపర్‌వైజరు మామూలుగా ట్రేలను బల్ల మీదకు విసురుతాడు. ఆ మంగళవారం మధ్యాహ్నం మాత్రం ఒక ట్రేని రెండు చేతులతో పట్టుకొచ్చి, నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు మెల్లగా దించాడు. ఆ మెల్లదనం చూసి బల్ల దగ్గరున్న ఆరుగురు ఆడవాళ్ళకూ ఇవాళ ఎవరికో మూడిందని అర్థమైపోయింది.

ట్రేలో అరవై బోర్డులున్నాయి. కరెంటు పోయినప్పుడు వెలిగే లైట్లలో పెట్టే బోర్డులవి. పరీక్ష గదిలో కరెంటు పెట్టి చూసి వెనక్కి పంపారు. ఒక్కో బోర్డు మీద చిటికెనవేలంత నల్లటి గొట్టం నిలబడి ఉంటుంది. దాని అసలు పేరు కెపాసిటర్. నీళ్ళ పీపాలా ఉంటుంది కాబట్టి బల్ల దగ్గర అందరికీ అది పీపా. పీపా నెత్తి చదునుగా ఉండాలి. ఈ అరవైలో ఒక్కదాని నెత్తీ చదునుగా లేదు. కొన్ని ఉబ్బాయి, కొన్ని పగిలి గోధుమరంగు తడి కార్చాయి. ట్రే దగ్గరకు వస్తే ముక్కు మూసుకోవాలనిపించేంత వాసన.

"పీపాలు ఎవరు పెట్టారు?" అన్నాడు సూపర్‌వైజరు.

చివరి నుంచి రెండో కుర్చీలో ఉన్నామె లేచి నిలబడింది. పనిలో చేరి మూడు వారాలైంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు బట్టలు కుట్టిందని అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ఇన్నాళ్ళూ ఆమెకు చారల పూసల్లాంటి రెసిస్టర్లు ఇచ్చారు. వాటిని ఎటు పెట్టినా ఒకటే. పీపాలు అలా కావు. వాటి ఒంటి మీద ఒకవైపు తెల్లటి గీత ఉంటుంది, అది ఇటు ఉండాల్సింది అటు ఉంటే బోర్డు పోయినట్టే. నిన్న సోమవారమే పెద్దక్క తీగ చుట్టల్లాంటి కాయిళ్ళ పనికి మారి పీపాలను టైలరమ్మకు అప్పజెప్పింది. ఆమె చేతి మీదుగా వెళ్ళిన మొదటి ట్రే ఇదే.

"అరవైకి అరవై ఉల్టా పెట్టావు," అన్నాడు సూపర్‌వైజరు. "ఒకటో రెండో అయితే పొరపాటు అనుకోవచ్చు."

"పెద్దక్క చెప్పినట్టే పెట్టాను సార్."

అందరి కళ్ళూ పెద్దక్క వైపు తిరిగాయి. ఆ బల్లకు పదకొండేళ్ళుగా ఆమే పెద్ద. ఏ సామాను ఎటు పెట్టాలో ఆమెనే అడుగుతారు, కడుపునొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో కూడా ఆమెనే అడుగుతారు. తెలిసినా తెలియకపోయినా జవాబు చెప్పడం ఆమెకు అలవాటైపోయింది.

"పెద్దక్కా, మీరు సరిగ్గా చూపించారా?"

"సరిగ్గానే చూపించాను సార్," అంది పెద్దక్క. ప్రశ్న పూర్తయిందో లేదో, జవాబు వచ్చేసింది. నోరు ముందు వెళ్ళింది, బుద్ధి ఇంకా కాయిల్ తీగ దగ్గరే ఉంది.

సూపర్‌వైజరు తల ఊపాడు. "రేపు ఎలాగూ కరెంటు కోత, సెలవు. ఎల్లుండి పొద్దున వచ్చి ఏప్రాన్, కార్డు ఇచ్చేసి వెళ్ళమ్మా," అన్నాడు టైలరమ్మతో. కోపంగా అనలేదు. కోపంగా అంటే తిరిగి ఏదైనా అనడానికి వీలుండేది.

టైలరమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. కూర్చుని తన రెండు చేతుల వైపూ కాసేపు చూసుకుంది. తర్వాత పక్కామె జరిపిన బోర్డును అందుకోబోయి, అందుకోవచ్చో లేదో తెలియక ఆగిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర పెద్దక్క కావాలనే వెనకబడి నడిచింది. అయినా టైలరమ్మ ఆగి ఆమె కోసం చూసింది.

"అక్కా, నువ్వు గీత కిటికీ వైపు అన్నావు. నేను కిటికీ వైపే పెట్టాను. ఒక్కటి కూడా తప్పలేదు."

"పెట్టానని నువ్వు అనుకుని ఉంటావు," అంది పెద్దక్క.

"సరే, అలాగే అనుకుందాం. అసలు ఆ గీత దేనికి అక్కా? అటుది ఇటు పెడితే ఏమవుతుంది, ఎందుకు ఉబ్బుతుంది?"

పదకొండేళ్ళలో ఆ బల్ల దగ్గర ఎటు అని అడిగారే గానీ ఎందుకు అని ఎవరూ అడగలేదు. పెద్దక్క నోరు తెరిచింది. అలవాటైన జవాబు కోసం లోపల వెతుక్కుంది. అక్కడేమీ దొరకలేదు.

"అదంతే," అంది.

*

ఇంటికి వచ్చాక పెద్దక్కకు ఏ పనీ తిన్నగా సాగలేదు. పాలు పొంగించింది. గ్లాసు కడిగిందే మళ్ళీ కడిగింది. హాల్లో కూర్చున్న అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడకు మోకాళ్ళు పనిచేయవు గానీ కళ్ళు రెట్టింపు పనిచేస్తాయి.

"ఎవరి మీద కోపం, ఆ గ్లాసు మీద చూపిస్తున్నావు?"

"ఎవరి మీదా లేదు అత్తయ్యా."

"అయితే నీ మీదే అన్నమాట," అని అత్తగారు మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయింది.

భర్త లారీ లోడు మీద వెళ్ళి నాలుగు రోజులైంది, ఇంకో మూడు రోజులకు గానీ రాడు. ఇంట్లో ఉన్నది మరిది. వీధి వైపు గదిలో పాడైన మిక్సీలు, ఫ్యాన్లు, రేడియోలు బాగుచేస్తాడు. వీధిలో వాళ్ళు అతన్ని మిక్సీ డాక్టరు అంటారు. పెద్దక్క టీ ఇచ్చే వంకతో ఆ గదిలోకి వెళ్ళి, అక్కడ పడి ఉన్న ఒక పీపాను వేలితో దొర్లించింది.

"ఇది లోపల ఏం చేస్తుంది?"

మరిది టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు. "వదినా, రోజుకు ఎన్ని పెడతావు ఇవి?"

"మూడు వందలు. ఒక్కోరోజు నాలుగు వందలు."

"పదకొండేళ్ళు. అంటే ఈ వీధిలో ఉన్న వాళ్ళందరి తలల మీద వెంట్రుకలు లెక్కపెట్టినా అన్ని ఉండవు. ఇవాళొచ్చి ఇదేం చేస్తుందని అడుగుతున్నావు. ఇన్నేళ్ళు వంట చేసి ఉప్పు ఏ రంగులో ఉంటుందని అడిగినట్టుంది."

"చెప్తే చెప్పు, లేకపోతే గ్లాసు ఇచ్చెయ్."

"చెప్తే అర్థం కాదు, చేస్తే అర్థమవుతుంది. రేపు సెలవేగా, పొద్దున రా."

బుధవారం పొద్దున పనులన్నీ ముగించుకుని వచ్చేసరికి మరిది బల్ల ఖాళీ చేసి పెట్టాడు. అట్టపెట్టెలో నుంచి తెల్లటి చిల్లుల పలక ఒకటి, తొమ్మిది ఓల్టుల చిన్న బ్యాటరీ, నాలుగు ఎర్ర లైట్లు, కొన్ని చారల పూసలు, ఎరుపూ నలుపూ తీగ ముక్కలు తీశాడు. అత్తగారు కూడా కుర్చీతో సహా గుమ్మంలోకి జరిగింది. ఇంట్లో తమాషా జరుగుతుంటే ఆవిడ లేకుండా జరగదు.

"ముందు లైటు," అన్నాడు మరిది. "దీనికి రెండు కాళ్ళు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎటు పెట్టాలో నేను చెప్పను, నువ్వే పెట్టి చూడు."

పెద్దక్క వేళ్ళు వాటంతటవే పనిలోకి దిగాయి. ఇంత చిన్న కాళ్ళను ఇంత చిన్న చిల్లుల్లో దూర్చడం ఆమెకు నీళ్ళు తాగినంత తేలిక. పూస దూర్చింది, లైటు దూర్చింది, తీగలు బ్యాటరీకి తగిలించింది. వెలగలేదు.

"పాడైంది నీ లైటు," అంది.

"తిప్పి పెట్టు."

తిప్పి పెట్టింది. వెలిగింది. చిన్న ఎర్రటి వెలుగు, అగ్గిపుల్ల తలంత. పెద్దక్క చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది, తర్వాత తనకే నవ్వొచ్చింది. లక్షల లైట్లకు బోర్డులు చేసింది గానీ, ఆ లైట్లు వెలగడం వేరే గదిలో ఎవరో చూసేవాళ్ళు. తన చేతి కింద ఒకటి వెలగడం ఇదే మొదటిసారి.

"పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. కరెంటు దీన్లో ఒకవైపు నుంచే పోతుంది. అటు నుంచి వస్తే పోనివ్వదు, మన గుమ్మంలో అమ్మ కూర్చున్నట్టు."

"నన్నెందుకు లాగుతావురా మధ్యలో," అంది అత్తగారు.

తర్వాత మరిది తనే ఒక పీపాను లైటు పక్కన గుచ్చాడు. ఒక నిమిషం ఆగి బ్యాటరీ తీగ పీకేశాడు. బ్యాటరీ లేదు, లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. మెల్లమెల్లగా సన్నబడి, చిన్న చుక్కయి, ఆరిపోయింది. పెద్దక్క మళ్ళీ చేయమంది. మళ్ళీ చేశాడు. మూడోసారి ఆమే తీగ పీకి, వెలుగు ఆరేదాకా ఊపిరి బిగబట్టి చూసింది.

"దాచుకుంటుంది," అంది.

"అంతే వదినా. కరెంటు వచ్చినప్పుడు దాచుకుంటుంది, తగ్గినప్పుడు ఇస్తుంది. మీ లైట్లు మినుకు మినుకుమనకుండా నిలకడగా వెలిగేది దీనివల్లే."

పెద్దక్కకు ఎంత సంతోషమైందంటే, ఒక క్షణం టైలరమ్మ సంగతి కూడా మర్చిపోయింది. రోజూ పక్కనే కూర్చుని బస్సులో వచ్చే మనిషి పేరు పదకొండేళ్ళ తర్వాత తెలిసినట్టుంది ఆమెకు.

"ఇప్పుడు నువ్వు పెట్టు. ఫ్యాక్టరీలో ఎలా పెడతావో అలాగే."

పెద్దక్క కొత్త పీపా అందుకుంది. తల ఎత్తి గది చుట్టూ ఒకసారి చూసింది. కుడివైపు గోడకు కిటికీ ఉంది. గీతను అటు తిప్పి, కాళ్ళు చిల్లుల్లో దూర్చి, బ్యాటరీ తగిలించింది. లైటు మసకగా వెలిగింది. మరిది పీపా మీదకు వంగి చూశాడు.

"దాని మీద వేలు పెట్టు."

పెట్టింది. పీపా గోరువెచ్చగా ఉంది. చూస్తుండగానే ఇంకా వేడెక్కింది. మరిది తీగ పీకేశాడు.

"ఇంకాసేపు ఉంచితే ఉబ్బుతుంది. లోపల పల్చటి రేకు, తడి కాగితం చుట్టలా చుట్టి ఉంటాయి. ఆ రేకు మీద కంటికి కనపడనంత సన్నటి పొర ఉంటుంది. ఉల్టా కరెంటు పెడితే ఆ పొర పోతుంది, వేడి పుడుతుంది, ఆవిరి పుడుతుంది, ఇక అది ఎటు పోతుంది పాపం, నెత్తి చీల్చుకుని వస్తుంది. గీత ఉన్న కాలు మైనస్. మైనస్ వైపు పెట్టాలి. నువ్వు ప్లస్ వైపు పెట్టావు. అది సరే, పెట్టేముందు తల ఎత్తి ఏం చూశావు?"

"కిటికీ ఎటుందో చూశాను."

మరిదికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వాడు. "వదినా, పీపాకు కిటికీతో ఏం పని? గాలి కావాలా దానికి?"

"మాకు అలాగే చెప్పారు. నాకంటే ముందున్నామె నాకు చెప్పింది, ఆమెకు ఇంకెవరో. బోర్డు అంచున ఉన్న గాడి మనవైపు, గీత కిటికీ వైపు. పదకొండేళ్ళు ఒక్కటి తప్పలేదు."

"మీ బల్ల దగ్గర కిటికీ ఎటుంటుంది?"

"ఎడమ..." అని పెద్దక్క ఆగిపోయింది.

ఆమె ఎడమ చెయ్యి గాల్లో లేచింది. కిందటి నెలలో పైకప్పు కారి నీళ్ళు బల్ల మీద పడుతుంటే, బల్లను ఈ గోడ దగ్గర నుంచి ఎదుటి గోడ దగ్గరకు మార్చారు. అప్పటిదాకా తూర్పుకు తిరిగి కూర్చున్నవాళ్ళు పడమటికి తిరిగి కూర్చున్నారు. కిటికీ ఉన్నచోటే ఉంది, వీళ్ళకు మాత్రం కుడివైపుకు వచ్చింది. పెద్దక్క చేతులకు కిటికీతో పనిలేదు, అవి అలవాటుగా గీతను ఎడమకే పెట్టుకుంటూ పోయాయి. నోరు మాత్రం పాత పాఠమే చెప్పింది. టైలరమ్మ ఆ పాఠం విని, తల ఎత్తి, కిటికీ ఎక్కడుందో చూసుకుని, అరవైకి అరవై శ్రద్ధగా కుడివైపు పెట్టింది.

"ఏమైంది వదినా?"

పెద్దక్క ముందున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. జరిగిందంతా చెప్పింది. ట్రే సంగతి, సూపర్‌వైజరు అడిగిన సంగతి, తను తడుముకోకుండా చెప్పిన జవాబు. చెప్తూ చెప్తూ చీర కొంగును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. మరిది నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎంత చక్కగా చేసిందంటే, ఒక్కటి కూడా తప్పలేదు. అదే ఆమె కొంప ముంచింది. కాస్త నిర్లక్ష్యంగా చేసి ఉంటే సగమన్నా బాగుండేవి."

గుమ్మంలో అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"చెప్తే నీ పెద్దరికం పోతుంది. చెప్పకపోతే ఆమె పని పోతుంది. ఏది బరువో నువ్వే తూచుకో అమ్మాయ్. నన్నడగకు, నేను అత్తను, నీకు మంచి సలహా ఇచ్చే అలవాటు నాకు లేదు."

పెద్దక్క స్టూలు బల్లకు దగ్గరగా జరుపుకుంది. ఆ మధ్యాహ్నమంతా ఆ బల్ల దగ్గరే కూర్చుంది. లైటు పెట్టింది, తీసింది. పీపా సరిగ్గా పెట్టి వెలుగు ఆరేదాకా చూసింది. ఉల్టా పెట్టి వేడి తగలగానే పీకేసింది. పడిపోతాననే భయం పోయేదాకా పసివాళ్ళు మళ్ళీ మళ్ళీ నడిచినట్టు, చేసిందే మళ్ళీ చేసింది. వేలికి తెలిసింది ఇక మర్చిపోదని నమ్మకం కుదిరాక లేచి, చిల్లుల పలకనూ బ్యాటరీనీ సంచిలో పెట్టుకుంది.

*

గురువారం గంట కొట్టకముందే పెద్దక్క సూపర్‌వైజరు గాజు గది తలుపు తట్టింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. లోపలికి వెళ్ళేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"సార్, ఆ అరవై బోర్డులు పాడుచేసింది నేను."

"మీరు పెట్టలేదుగా పెద్దక్కా."

"నా మాట పెట్టింది. సరిగ్గా చూపించానని చెప్పాను, తప్పు చూపించాను. బల్ల తిప్పాక కిటికీ కుడివైపుకు వచ్చింది, నేను మాత్రం గీత కిటికీ వైపు అనే చెప్పాను. ఆమె నా మాట మీరలేదు. తీసేస్తే నన్ను తియ్యండి."

అర్థం కానట్టు చూస్తున్న సూపర్‌వైజరు ముందు సంచి విప్పి చిల్లుల పలక బయటపెట్టింది. పీపాను సరిగ్గా పెట్టి లైటు వెలిగించి, తీగ పీకి, వెలుగు ఆరడం చూపించింది. తర్వాత ఉల్టా పెట్టింది. "వేలు పెట్టి చూడండి సార్," అంది. పెట్టి చూశాడు. వెంటనే తీసేశాడు, పెద్దక్క తీగ పీకేసింది. గీత వైపు ఒకసారి, బ్యాటరీ వైపు ఒకసారి చూశాడు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

పెద్దక్క ఒక అడుగు వెనక్కి వేసింది. తలుపు వేసి మరీ తిట్టేవాడి తిట్లు ఎలా ఉంటాయో అనుకుంది.

సూపర్‌వైజరు ఆమె వైపు వంగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "పెద్దక్కా, గీత ఉన్నవైపు మైనస్సా?"

"అవును సార్."

"ఖచ్చితంగా?"

"మా మరిది చెప్పాడు. ఆ తర్వాత నా వేలు చెప్పింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను ప్లస్ అనుకుంటున్నాను."

"ఎప్పటి నుంచి సార్?"

"వచ్చినప్పటి నుంచి. ప్యాకింగులో ఉన్నవాణ్ణి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. మొన్న ఆ బోర్డులు ఉల్టా అని ఎలా చెప్పాననుకున్నారు? పాతది పక్కన పెట్టి పోల్చి చూశాను, అంతే. బల్ల తిప్పించింది కూడా నేనే." బ్యాటరీని వేలితో అటూ ఇటూ కదిపాడు. "మిమ్మల్ని అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. నేనే అడిగితే ఇంకేం మర్యాద అని ఊరుకున్నాను."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు పెద్దక్కకు నవ్వొచ్చింది, ఆపుకోబోయింది, ఆయన పెదవి కూడా వణకడం చూసి ఇక ఆపుకోలేకపోయింది. మంగళవారం నుంచి ఛాతీ మీద కూర్చున్న బరువు ఆ నవ్వుతో సగం దిగిపోయింది. నాలుగేళ్ళుగా గాజు గదిలో కూర్చుని తమనందరినీ భయపెట్టిన మనిషి తనంత భయంగానే ఉన్నాడని తెలిసి ఆమెకు జాలి కూడా వేసింది.

"నా సంగతి బల్ల దగ్గర చెప్పకండి," అన్నాడాయన.

"మీది చెప్పను సార్. నాది మాత్రం చెప్పుకుంటాను."

"కానివ్వండి. ఆమెను కూర్చోమనండి. తప్పు ఎక్కడ జరిగిందో నేను పైవాళ్ళకు రాసిస్తాను, బల్ల మార్చడం వల్ల అని. అది నిజమే కదా."

బల్ల దగ్గర అందరూ వచ్చేశారు. టైలరమ్మ ఉతికి మడతపెట్టిన ఏప్రాన్‌ను ఛాతీకి ఆనించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. మడత అంచుకు అంచు సరిగ్గా కలిసి ఉంది.

పెద్దక్క కూర్చోకుండానే చెప్పింది. పదకొండేళ్ళుగా తను చేస్తున్న పని ఏమిటో తనకు తెలియదని, నిన్ననే కొంచెం తెలిసిందని, టైలరమ్మ తప్పేమీ లేదని, తప్పంతా తనదేనని చెప్పింది. చెప్తున్నంతసేపూ చెవులు వేడెక్కాయి. నేల చీలిపోతుందనుకుంది. చీలలేదు. బల్ల కూడా ఉన్నచోటే ఉంది.

మొదటి కుర్చీ ఆమె గొంతు సవరించుకుంది. "అయితే పెద్దక్కా, ఆ గాజుపూసలాంటి డయోడు నలుపు చివర గడియారం వైపు ఉండాలన్నావు. ఆ గడియారం చెడిపోయిందని తీసేసి ఏడాదైంది కదా."

"మరి ఇన్నాళ్ళూ ఎటు పెడుతున్నావే?"

"చెయ్యి ఎటు పోతే అటు. నిన్ను అడిగితే తిడతావని."

బల్లంతా గొల్లుమంది. ఇంకొకామె, తను కూడా తలుపు గొళ్ళెం చూసుకుని పెడుతున్నానని ఒప్పుకుంది. నవ్వు ఆగాక పెద్దక్క ప్రతి ట్రే మీదా పీపా గీత రావలసిన వైపు అంచున ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టింది. ఇక బల్లను నడివీధిలోకి మార్చినా ఆ చుక్క ట్రేతోపాటే వస్తుంది.

ఒక్క టైలరమ్మ నవ్వలేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుంది గానీ, ఏప్రాన్ ఇంకా ఒళ్ళోనే ఉంది.

"అక్కా, నిన్న పొద్దున్నించీ మిషను ముందు కూర్చున్నాను," అంది నెమ్మదిగా. "ఒక దిండు గలీబు కుట్టాను. విప్పాను. మళ్ళీ కుట్టాను. కుట్టు సరిగ్గానే పడుతోంది, అయినా నమ్మకం కుదరలేదు. ఎడమకు పెట్టాననుకుని కుడికి పెడుతున్నానేమో, కళ్ళకు ఒకటి కనపడితే చేతులు ఇంకోటి చేస్తున్నాయేమో అనుకున్నాను. ఇరవై ఏళ్ళు ఈ చేతుల మీదే బతికాను. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. ఇవి పోతే ఏం చెయ్యాలో తెలియలేదు."

పెద్దక్క ఇంతదాకా ఉద్యోగం సంగతే ఆలోచించింది. ఇది ఆమెకు తోచనేలేదు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చి, చాలా చిన్నదిగా అనిపించి ఆగిపోయింది.

"నీ చేతులకేం కాలేదు," అంది. తర్వాత, ఎవరూ కాదనకపోయినా మళ్ళీ అంది, "నీ చేతులకేం కాలేదమ్మా. బంగారంలా ఉన్నాయి. తప్పు చెప్పిన నా మాటను కూడా తప్పకుండా చేశాయి."

టైలరమ్మ రెండు చేతులూ బల్ల మీద చాపి పెట్టింది. వెనక్కి తిప్పి చూసుకుంది, ముందుకు తిప్పి చూసుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు, రెండు రోజులుగా రానిది. కాసేపు ఏడ్చి, ముఖం తుడుచుకుని, ఏప్రాన్ మడత విప్పి కట్టుకుంది.

"ట్రే ఇటు జరపండి," అంది.

మొదటి పీపాను చుక్క వైపు తిప్పి దూర్చింది. రెండోది దూర్చింది. మూడో దాని నుంచి ఆమె వేళ్ళు వేగం అందుకున్నాయి, ఇక తల ఎత్తలేదు. పెద్దక్క చేతిలో కాయిల్ పట్టుకుని, పెట్టడం మర్చిపోయి, ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. మనసు ఎంత తేలిగ్గా ఉందో ఆమెకే తెలుసు.

"అక్కా, నీ కాయిల్ కోసం నా పీపా ఆగింది," అంది టైలరమ్మ, చూపు తిప్పకుండానే.

"ఇదిగో, వస్తోంది," అని పెద్దక్క బోర్డు అటు జరిపింది.